తక్కువ డోసు చాలు, బాబాయ్

చిరంజీవి అమ్మలుకి బాబాయి దీవెనలు.

స్టూలు మీంచి పడ్డాను. కుడి మణికట్టు, బొటనవేలి మొదట్లో వాచింది. ఎక్స్‌రేలో ఏమీ తేలలేదు, సీటీ స్కాను తీయించమన్నాడు డాక్టరు. ఆ కిరణాలకి మంచి చెయ్యి కూడా పాడవుతుందని పక్క కొట్టాయన హడలగొట్టాడు. కత్తెర పట్టే చెయ్యే పోతే టైలరుకి ఇంకేం మిగులుతుంది? రోజూ ఆ మిషను నడిపేదానివి, నిజం చెప్పు.

నీ బాబాయి

తా.క. రాస్తున్నది మీ పిన్ని. తప్పులు నావి కావు.

బాబాయికి నమస్కారాలు.

వెంటనే వెళ్ళు. అక్కడి చిన్న ఎముక చిట్లి ఉంటే, ఆలస్యమయ్యేకొద్దీ అతకడం కష్టం. కిరణాలకి భయపడకు. మణికట్టు ఎముకలు కొద్ది డోసుకే స్పష్టంగా కనిపిస్తాయి, అందుకని మామూలు డోసులో సగానికి తగ్గించేస్తాం. బోర్లా పడుకుని చెయ్యి తల పైకి చాపితే మణికట్టు ఒక్కటే మిషనులోకి వెళ్తుంది. ఒంటికి దాదాపు ఏమీ తగలదు.

నీ అమ్మలు

తా.క. కదిలావో, మళ్ళీ తీయాలి. తగ్గించిందంతా దండగ.

అమ్మలూ,

ఏమీ కానిదాన్ని అంత తగ్గించడం దేనికే? కుక్క కరవదంటూనే గొలుసు బిగించినట్టుంది నీ ఉత్తరం. నిద్ర పట్టలేదు. అయినా వెళ్ళి, ఊపిరి బిగబట్టి పడుకున్నాను. ఎముక భేషుగ్గా ఉందన్నారు. కొట్టు తెరిచి స్కూలు యూనిఫారాలు కత్తిరిస్తున్నాను.

నీ బాబాయి

తా.క. నొప్పి మాత్రం పెరిగింది. కత్తెర మొద్దుబారినట్టుంది.

బాబాయ్,

ముందు కత్తెర కింద పెట్టు. అక్కడ స్కాను తీసినమ్మాయి నాతో చదివింది, బొమ్మలు తెప్పించుకుని చూశాను. చక్కగా వచ్చాయి, అన్నీ ఎడమ చేతివే. డాక్టరు పొరపాటున కుడి అని రాశాడని నువ్వే వాదించావట. నీ కుడి చేతికి ఇంకా స్కానే తీయలేదు. ఇవాళే మళ్ళీ వెళ్ళు.

అమ్మలు

తా.క. ఎందుకిలా చేశావో పిన్ని చేతే రాయించు. ఆవిడకీ తెలియాలి.

అమ్మలూ,

తిట్టు, పడతాను. కొత్త ఇస్త్రీపెట్టె వస్తే నేరుగా ఖరీదైన బట్ట మీద పెడతామా? ముందు గుడ్డపీలిక మీద పెట్టి చూస్తాం. ఎడమ చెయ్యి మాడకపోతే కుడిది ఇద్దామనుకున్నాను. ఈలోగా ఎముక బాగుందన్నారు. ఆ మాట చెవిన పడగానే అది ఏ చేతి సంగతో మర్చిపోయానే. అంత భయంలో ఉన్నాను.

నిన్న కుడిది తీయించాను. చిట్లింది, పక్కకి జరగలేదు. కట్టు వేశారు, అతుకుతుందట. ఇంకొన్నాళ్ళు కత్తెర ఆడించి ఉంటే ఆ చేతి మీద ఆశ వదులుకోవాల్సిందేనన్నాడు డాక్టరు. మీ పిన్ని ఇది రాస్తూ నా వంక చూడటం లేదు.

నీ బాబాయి

తా.క. మీవాళ్ళు కష్టపడి సగానికి తగ్గించిన డోసుని, నేను రెండుసార్లు తీయించుకుని పూర్తి చేశాను.