మొదటి గుండీ

చిట్టీ, బుజ్జన్నయ్య మందు వేసుకుని మళ్ళీ పడుకున్నాడు. లేచాక చొక్కాకి మొదటి గుండీ నువ్వు పెట్టు, మిగతావి తనే పెట్టుకుంటాడు. మధ్యలో మర్చిపోయి ఆగితే కసరకు, అదీ నువ్వే పెట్టు. వాడిలా పసిబుద్ధితో పుట్టినవాళ్ళకి మతిమరుపు జబ్బు యాభై రాకుండానే వస్తుందట, డాక్టరుగారు చెప్పారు.

నలభై ఏళ్ళుగా తమ్ముడికి గుండీలు పెట్టిన నేనేమో ఇప్పుడు వాడికి నర్సమ్మనట! వాడికంటే చిన్నదానివి, మొన్న వచ్చిన నువ్వు అక్కవట! నాకు ఒళ్ళు మండదూ?

డ్యూటీకి టైమైంది, వెళ్తున్నా.

తా.క.: నీ నీలం స్వెట్టర్ కోసం ఇల్లంతా వెతక్కు, నా ఒంటిమీదే ఉంది. పొద్దున అది తొడుక్కుని మందిస్తే వాడు నన్ను "అక్కా" అన్నాడు. ఇక నీకివ్వను.