ఒక్క దిక్కే తిరిగే చక్రం

పౌలూ,

పెద్దక్కను. నువ్వు పోయాక రెండు వానాకాలాలు గడిచాయి. అందరం ఉన్నాం. నీ భార్య సుగుణ బీడీలు చేస్తోంది. నేను ప్రార్థన కూటం తప్పడం లేదు.

కోపంతో రాయకూడదని ప్రార్థన చేసుకుని కూర్చున్నాను. కోపం పోయింది. రోత మాత్రం పోలేదు...

నీ కొడుకు సామ్యేలు నీ పనే పట్టుకున్నాడు. బావుల్లో పడిన మోటార్లు తీయడం. వద్దన్నాం. వింటాడా? పైన కంప్రెసర్, నోట్లో పైపు, నడుముకు తాడు, ఆ గాలితో లోపల ఉండగలిగేది కొద్దిసేపే... అన్నీ నీలాగే. చేతి గడియారం ఒక్కటే నీది కాదు.

నువ్వు అనేవాడివి, "లోపలికి పోయినోనికి టైం తెల్వదక్కా. పైనోళ్ళు బీడీ ముట్టించి ముచ్చట్ల పడ్తరు. మన టైం మనమే చూస్కోవాలె" అని. అది వాడికీ గుర్తుంది. ఫోన్‌లో చూసి ఒక గడియారం తెప్పించుకున్నాడు. నీళ్ళలో రెండు వందల మీటర్ల లోతు దాకా ఏమీ కాదని దాని ముఖం మీదే రాసి ఉంది.

దాన్ని కట్టుకుని మల్యాల దగ్గర ఒక బావిలో దిగాడు. లోపలికి నీళ్ళు పోయి ముల్లు ఆగిపోయింది. వాడు చూసిన ప్రతిసారీ ఇంకా టైం ఉందనే చూపించింది. వాడు పని చేస్తూనే ఉన్నాడు. తాడు పట్టుకున్నవాళ్ళకు అనుమానం వచ్చి లాగారు. పైకి వచ్చాక పెదాలు నేరేడు పండు రంగు. చాలాసేపు మాట లేదు. సుగుణ అరుపు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

ఆ బావి ఎంత లోతు, పౌలూ? ఐదారు నిలువులుంటుందా? అబద్ధాన్ని ముఖం మీద అచ్చు వేసి అమ్ముతున్నారు. అమ్మినవాడు ఆ రోజు అన్నం తినే ఉంటాడు...

మంచిది ఒకటి కొందామని నేనే బయలుదేరాను. నాకేం తెలుసు? నువ్వు చెప్పిందే. దుబాయిలో సముద్రంలో మునిగి, ఓడల అడుగుకు పట్టిన గుల్లలు గీకేవాడివి కదా. అక్కడ ఎవరి దగ్గరో పాతది కొన్న నల్ల గడియారాన్ని తెచ్చి గడపలో కూర్చుని చూపించావు. "పక్కన కీ ఉన్నది సూడు, మరలెక్క తిప్పి బిగించాలె. లేకుంటే నీళ్ళు పోతయ్. అద్దం చుట్టు ఈ చక్రం ఒక్క దిక్కే తిరగాలె. దిగేటప్పుడు దీని గుర్తు పెద్ద ముల్లు మీదికి తెచ్చుకుంటం, ముల్లు ఆ గుర్తు దాటి ఎంత జరిగితే అంతసేపు అయినట్టు. నడుమ గోడ తగిలి జరిగిందనుకో, టైం అయిపోయిందనే చూపిస్తది గని, ఇంకా ఉన్నదని చెప్పది."

నాకు ఆ మాట నచ్చి ఉండిపోయింది.

జగిత్యాలలో దుకాణాలన్నీ ఎక్కి దిగాను. ఒకదానికి చక్రం తిరగనే తిరగదు, చూపుకు అంటించారు. ఇంకోదానికి రెండు వైపులా తిరుగుతుంది. ఒకాయన బంగారు రంగుది ముందు పెట్టి, ఫంక్షన్లకు మస్తుంటదమ్మా, అల్లునికా అన్నాడు. బావిలోకి అన్నాను. నవ్వాడు. నీళ్ళు తగలనీయొద్దమ్మా, ఖరాబైతది అన్నాడు. వెనక మూత మీద చేప బొమ్మ చెక్కి ఉంది. దాన్ని అక్కడే పెట్టి దుకాణం దిగాను.

అప్పుడు నీ గడియారమే అడుగుదామనుకున్నాను. అది సిరిసిల్లలో, మన చెల్లె మొగుడు దేవదాసు దగ్గర ఉంది. నిన్ను పడుకోబెట్టిన పెట్టెకు మూత వేయకముందే నీ చేతి నుంచి విప్పుకున్నాడు. బామ్మర్ది గుర్తు అన్నాడు.

చెల్లె ఇంట్లో ప్రార్థన ఉంటే వెళ్ళాను. భోజనాలకు లేచినప్పుడు చూశాను. చేతులు కడుక్కునే ముందు దేవదాసు ఆ గడియారం విప్పాడు. రుమాలులో చుట్టి చెల్లె చేతికిచ్చాడు. నేను చూస్తున్నానని, దుబాయి సామాను వదినె, తడి తగల్తె పోతది అన్నాడు.

సముద్రంలో నీతో మునిగింది, పౌలూ... కుండెడు నీళ్ళకు దాస్తున్నాడు.

అన్నం సగంలో వదిలి లేచాను. అడగలేదు. "ఏండ్లకేండ్లు మూత ఇప్పి నీళ్ళాపే రబ్బరు మార్వకుంటే, ఇగ అది చేతికి పెట్టుకునే సొమ్మే అక్కా" అనేవాడివి. సొమ్ముగానే ఉండనీ. దాన్ని నమ్మి సామ్యేలును ఎట్లా దింపను?

దొరికింది చివరికి కోరుట్లలో, బస్టాండు పక్కన చిన్న దుకాణంలో. అన్నిటికంటే కింద, దుమ్ము పట్టిన డబ్బాలో. నల్ల ముఖం, రబ్బరు పట్టీ. కీ తిప్పితే మరలాగా బిగుసుకుంది. చక్రం టకటకమంటూ ఒక్క దిక్కే తిరిగింది. ధర జగిత్యాల బంగారు రంగుదానికంటే తక్కువే. మెరుస్తలేదని ఎవలు కొంటలేరమ్మా అన్నాడు దుకాణంవాడు. కీ బిగించి వాడి చెంబులోనే ముంచాను. వాడు బెదిరాడు. అద్దానికి చెమ్మ పట్టలేదు.

చెంబు బావి కాదని నాకు తెలుసు. అందుకే రాయికల్ దగ్గర సామ్యేలు బావిలో దిగబోతుంటే ఆపి, గడియారాన్ని రాయితో కలిపి తాడుకు కట్టించి అడుగుదాకా వదిలించాను. మోటారు రైతు నవ్వి, పెద్దమ్మ గడియారానికి తానం పోపిస్తున్నది అన్నాడు. నేను గట్టు మీద కూర్చుని ప్రార్థన చేసుకున్నాను. చాలాసేపు ఉంచి లాగారు. సన్న ముల్లు తిరుగుతూనే ఉంది. అద్దం లోపల పొడిగా ఉంది.

అప్పుడు సామ్యేలు కట్టుకున్నాడు. చక్రం తిప్పుకుని దిగాడు.

అనుకున్న దానికంటే ముందే వచ్చేశాడు. మోటారుకు తాడు ఇంకా సగమే కట్టాడు. రైతు విసుక్కున్నాడు. నేను ఏందిరా అంటే, రాయి తగిలి చక్రం జరిగినట్టుంది అత్తా, టైం అయిందనుకున్న అన్నాడు. పెదాలు మామూలుగా ఉన్నాయి.

నువ్వు చెప్పిన మాటే కదా, పౌలూ? నేను దేవునికి స్తోత్రం చెప్పాను. వాడు కాసేపు ఆగి మళ్ళీ దిగాడు, మోటారు తెచ్చాడు.

దేవదాసు మీద రోత పోవాలని కూడా ప్రార్థిస్తున్నాను. ఇంకా పోలేదు. నీకు అబద్ధం ఎందుకు రాయాలి?

ఒక మాట ఇస్తున్నాను. నా కాళ్ళు నడిచినన్నాళ్ళు, వాడు దిగే బావి దగ్గర నేనుంటాను. ముందు గడియారం దిగుతుంది. అది మంచిగా పైకి వస్తేనే నీ కొడుకు.

పెద్దక్క