మాత్రలు వ్రాయని డాక్టరమ్మను మాకే ఉంచవలసినదిగా

జిల్లా ఆరోగ్యాధికారి గారికి, ధర్మపురి, తమిళనాడు.
ఇండూరు దగ్గరి పల్లె వాస్తవ్యుడు, టమాటా రైతు, ఎం.ఏ. పట్టభద్రుడు సుబ్బరాయన్ వ్రాసుకొనునది.

అయ్యా,

విషయం: యాంటీబయాటిక్ మాత్రలు వ్రాయని నేరమునకు మా ఆరోగ్య కేంద్రము డాక్టరు శాలిని గారిని బదిలీ చేయవలెనని అరువది మూడు సంతకములతో తమకు అందిన అర్జీని రద్దు చేయుట గురించి.

సూచిక: సదరు అర్జీ. వ్రాసినది నేనే.

1. అందులో "డాక్టరు గారు మాత్రలు ఇవ్వక మాటలు ఇచ్చి పంపుచున్నారు" అను వాక్యము తమకు జ్ఞాపకముండవచ్చును. మా పల్లెలో దానిని మూడుసార్లు చదివించుకొనిరి. సోమవారము తమ కార్యాలయములో విచారణ జరుగుటకు ఆ వాక్యమే కారణమని తెలిసినప్పటి నుండి ఒకచోట కూర్చొనలేకున్నాను.

2. ఆ వాక్యము పుట్టిన విధము: గత చలికాలములో జలుబు చేసిన మా అమ్మ మారమ్మను వారి వద్దకు తీసికొనిపోయితిని.

"సూది వేయకుండానే పంపిస్తావా తల్లీ? రెండు మైళ్ళు నడిచి వచ్చినాను."

"జలుబుకు సూది వద్దవ్వా. నాలుగు దినాల్లో అదే పోతాది."

"అదే పోయేదానికి నువ్వెందుకు మరి?"

వరుసలోని వారందరు నవ్విరి. నేనును నవ్వితిని. మేము నేరుగా బస్సెక్కి, అడిగినది ఇచ్చు ఒక క్లినిక్కుకు పోయి, సూదితోపాటు మూడు రంగుల మాత్రలు పొందితిమి. నాలుగు దినములకు జలుబు పోయినది. ఘనత మాత్రలకు దక్కినది.

3. డాక్టరు మందు వ్రాయుటకు రోగమొక్కటే కారణము కాదని తమకు తెలియనిది కాదు. పూటకు నూట ఇరువది మంది. వద్దని వివరించుటకు పది నిమిషములు, వ్రాయుటకు పది క్షణములు. పరీక్ష ఫలితము మూడు దినములకు గాని రాదు; రోగి కోపము వెంటనే వచ్చును. రోగి వేరొక క్లినిక్కుకు పోవును. పోయిన పిమ్మట నావంటి చదువుకొన్నవాడు అర్జీ వ్రాయును. మాత్రలు వ్రాయని డాక్టరుపై మేము విచారణ కోరితిమి; వ్రాసిన డాక్టర్లపై ఇంతవరకు ఎవరును కోరలేదు.

4. మా ఇంటి ఆచారమును దాచరాదు. జ్వరము తగ్గగానే మాత్రలు ఆపి, మిగిలినవి డబ్బాలో దాచుదుము. పారవేయుట అన్నము పారవేసినంత తప్పు. పక్కింటి కరుప్పాయికి దగ్గు వచ్చినచో మా అమ్మ డబ్బా తెరచి, "ఈ ఎర్రది రెండు దినాలు మింగు, మిగిలితే తెచ్చి ఇచ్చెయ్యి" అని పంపును. ఈ విధముగా మా వీధిలో ఎవరును వైద్యము పూర్తి చేసికొనలేదు.

5. గత వారము మా అమ్మకు మూత్రములో మంట, చలిజ్వరము. డబ్బా, క్లినిక్కు రెండును విఫలమైనవి. శాలిని గారు మూత్రమును పరీక్షకు పంపిరి. పదకొండు మందులలో తొమ్మిది ఆమెకు ఇక పనిచేయవని కాగితము వచ్చినది. మిగిలిన రెంటిలో ఒకదానిని శాలిని గారే రోజూ సూదిగా వేయుచున్నారు. పది దినములు వేయవలెను, నేటికి నాలుగు.

"ఇది కూడా పనిచేయకపోతే?" అని అడిగితిని.

"అప్పుడు చూద్దామన్నా," అని వారు కాగితము వైపు చూచిరి. నా వైపు చూడలేదు.

6. వారికి ముందు ఆ కుర్చీ పదునాలుగు నెలలు ఖాళీగా ఉండెను.

7. కావున వారిని కదిలించవద్దని ప్రార్థన. ఇది తెలుగులో వ్రాయుటకు కారణము భాషాభిమానము కాదు. మావాళ్ళు ఇంట తెలుగు మాట్లాడుదురు గాని తెలుగు అక్షరము చదువలేరు. తమిళములో వ్రాసినచో తమ గుమాస్తా కంటె ముందు మా టీకొట్టు చదువును. తమరు చదువగలరని విచారించి తెలిసికొంటిని.

తలుపు మూసి చిత్తగించవలెను.

తమ విధేయుడు,
సుబ్బరాయన్

తా.క.: ఇప్పుడే ఈశ్వరప్ప మామ వచ్చి, ఈ కాగితం చూసి, "మళ్ళీ డాక్టరమ్మ మీదేనా రాస్తా ఉండావు? రాయి, గట్టిగా రాయి" అని భుజం తట్టి పోయినాడు. సోమవారానికి వ్యాను మాట్లాడినారట. అందరి తరఫున నన్నే మాట్లాడమన్నారు. కాదనలేకపోయినాను. ఆ పొద్దున అమ్మకు ఏడవ సూది వేయించి, అక్కడినుంచే వ్యానెక్కుతాను. తమ ఎదుట నేను చాలా బాగా మాట్లాడుతాను సార్. దయచేసి నమ్మవద్దు.