మూత మీద అంకె

దాన్బీ, నీ పుట్టినరోజుకని వండిన సముద్రపు నాచు సూప్ గిన్నెలో ఉంది, సన్న మంట మీద వేడి చేసుకో. అన్నం నీ త్రాసు మీదే తూచి నూటయాభై గ్రాములు పెట్టాను. స్కూల్ వంటకి ఆరింటికల్లా వెళ్లాలి, నువ్వు లేచేదాకా ఉండలేను.

నిన్న "క్యాలరీ క్యాలరీయేనమ్మా, అన్నంలోదైనా క్రీమ్ బన్నులోదైనా ఒకటే" అన్నావు. రోజంతా నువ్వు తిన్నది రెండు బన్నులు, కాఫీ. ఏడు కిలోలు తగ్గావు, గెలుపు నీదే. బాత్రూమ్ తూము జాలీలోంచి ఇవాళ కూడా గుప్పెడు నీ జుట్టు తీశాను. దాన్ని ఏ లెక్కలో రాసుకుంటావో నాకు తెలీదు.

స్కూల్లో నేను వండింది పిల్లలు పళ్లెం నాకి మరీ తింటారు. ఇంట్లో గిన్నె మాత్రం పెట్టింది పెట్టినట్టే ఉంటుంది. ఇదీ అంతేనని తెలిసే వండాను. సాయంత్రం వచ్చి పారబోస్తాను, ఏమీ అననులే.

అమ్మ

మూత మీద తొంభై క్యాలరీలని రాశాను, అబద్ధం కాదు. అంతకి దించాలని గొడ్డు మాంసం, నువ్వుల నూనె మానేశాను. నిన్ను కన్నప్పుడు బాలింతనని మా అమ్మ నాకు పోసిన, ఏటా నీ పుట్టినరోజుకి నేను వండే సూప్ కాదిది, ఉత్త నాచు నీళ్లు. రెండు చెంచాలైనా తాగు.