నిద్రొచ్చే ఆల్బమ్

బుధవారం, సెమిలిగుడ

మా బ్యాండ్ రెండో ఆల్బమ్ వచ్చి వారమైంది. మొదటిదంతా నా ఎలక్ట్రిక్ గిటార్ హోరే. ఈసారి మా సింగర్ భాను దాన్ని పూర్తిగా తీసేసి, ఇక్కడి గిరిజనుల థింసా ఆటకి వాయించే డోలూ సన్నాయీ పెట్టాడు. విన్నవాళ్ళు రెండుగా చీలిపోయారు.

సాయంత్రం డ్యూటీ దిగి జంక్షన్‌లో టీకి ఆగాను. లారీ డ్రైవర్ అప్పన్న చూసి కేకేశాడు.

"ఏటి బాబూ ఈ పాటలు? పాతయి ఎడితే ఘాట్‌లో కునుకు పట్టేది కాదు. ఇయ్యి ఇంటంటే నిద్దరొచ్చేస్తంది."

టీకొట్టు పార్వతమ్మ అందుకుంది. "నాకియ్యే బాగున్నాయి. ఏడుపు మానని మా మనవరాలు ఈటికే నిద్దరోతంది, సూడు."

బల్ల పక్కన చీర ఉయ్యాలలో పాప నిజంగానే పడుకుని ఉంది. దగ్గర్లో ఫోన్‌లో మా పాట మోగుతోంది.

గదికొచ్చాక భాను ఫోన్ చేశాడు. "జనం ఏటంతన్నార్రా?"

"నిద్దరొస్తందంతన్నారు."

అబద్ధమేం కాదు, ఇద్దరూ అన్నది అదే. పాప సంగతి మాత్రం చెప్పలేదు.

"అయితే మూడోదాన్లో నీ గిటార్ ఎట్టేద్దాంలే" అన్నాడు వాడు.

సరేనన్నాను.

ఇప్పుడు ఆ పాటలే పెట్టుకుని పడుకున్నాను. నాకు నిద్ర రావడం లేదు.