సుశీల పెట్టిన సంతకం

బెంగళూరు కబ్బన్‌పేటలో మగ్గం నేసి బతికే ఓబళప్ప అనే నేను, కీర్తిశేషులు బైరప్ప రెండో కొడుకును, వయసు నలభై ఏడు, ఎవరి బలవంతమూ లేకుండా రాయిస్తున్న వీలునామా. నా తలలో పిట్యూటరీ గ్రంథి మీద గడ్డ ఉంది. దాని పక్కన ఒక రక్తనాళం ఉబ్బి ఉంది. రెండూ ఉన్నా మతి స్థిరంగానే ఉందని డాక్టరుగారు రాసిచ్చారు. మా అన్న నారాయణప్పకు ఈ విషయంలో చాలాకాలంగా అనుమానం ఉన్నందున ఆ చీటీ జతపరిచాను.

1. ఇంట్లో నా వాటా, మగ్గం, సామాను నా భార్య సుశీలకు సర్వహక్కులతో చెందాలి. నా వేళ్ళు లావెక్కి మగ్గం వేరుపడిన నాటి నుంచి తెగిన పోగులు అతికింది ఆమే. పేరు మాత్రం నాకొచ్చింది.

2. నా వేలికి బిగుసుకుపోతే కంసాలి కోసి తీసిన పెళ్ళి ఉంగరం కూతురు శ్రుతికి. కమ్మలు చేయించుకో తల్లీ. నా చెప్పులు ఊళ్ళో ఎవరికీ పట్టవు, పారేయండి.

3. చీరలో పోగుల ముడులు లావుగా పడుతున్నాయని, "తినేదానికి చేతులు బాగానే ఉండాయి గదప్పా, పోగు అతికేదానికే లేవా?" అని నలుగురిలో అడిగి, అన్న నా మగ్గం వేరు పెట్టించాడు. చేతులు పెరిగింది ఆ గడ్డ వల్లనట. నాకు కోపం పోలేదు. పోయిందని రాస్తే అబద్ధపు దస్తావేజు అవుతుంది.

4. ఇలాంటి గడ్డ ఉన్నవాళ్ళలో నాళం ఉబ్బడం కాస్త ఎక్కువేనట. పగులుతుందో లేదో ఎవరూ చెప్పలేరట. ముందు తల తెరిచి నాళానికి క్లిప్పు వేసి, తర్వాత గడ్డ తీస్తారు. ఆ ఆపరేషనులోనే పగలనూవచ్చు. ఆస్పత్రివాళ్ళు ఇంటివాళ్ళ సంతకం అడిగితే సుశీల పెట్టనని ఏడ్చింది. బతిమాలి పెట్టించింది నేను. అన్న వార్డు బయటే ఆమెతో, "పెట్టినావు గదమ్మా, ఏమన్నా అయితే నీ నెత్తినే ఉండాది" అన్నాడు. నాళం కంటే నాకు ఆ మాటే భయం. నేను పోతే, మొగుణ్ణి సంతకం పెట్టి చంపిందని ఆమెను అనేవాళ్ళెవరూ నా శవాన్ని మోయకూడదు. ఎంత దగ్గరవాళ్ళైనా సరే.

5. నారాయణప్పకు ఏమీ రాయలేదు. పగతో కాదు. ఆస్తి దక్కేవాళ్ళు సాక్షిగా ఉండకూడదని వకీలు చెప్పాడు. నాకు ఆయన సాక్షి సంతకమే కావాలి. అన్నా, నాలుగోది చదివి సంతకం పెట్టు.

ఇది అమలు జరిపే బాధ్యత పక్కింటి కృష్ణప్పది.

బెంగళూరు, 9 జులై 2003
(సంతకం) బై. ఓబళప్ప

సాక్షులు:
1. కృష్ణప్ప, కబ్బన్‌పేట
2. బై. నారాయణప్ప. చదివినాను. మరదలి తప్పేమీ లేదు.