బజారుకు వెళ్లే దారి

బాలేష్ అన్నా,

ఫోన్‌లో చెప్పడానికి భయమై ఇది రాస్తున్నాను. పొరుగు దేశం మన మాట వినాలంటే వాళ్ల సైన్యానికి అండగా ఉండాలని సర్కారు నిన్ను అక్కడికి పంపింది. తీవ్రవాదులతో పోరాడడం నేర్పుతున్నావని బాపు మన ఊరు రావల్కోల్ అంతా చెప్పుకున్నాడు.

పోయిన వారం మీ ఆఫీసు నుంచంటూ ఒకాయన ఫోన్ చేస్తే, బాపు సంబరంగా నీ క్యాంపు, నువ్వు బజారుకు వెళ్లే దారి, అన్నీ చెప్పేశాడు. నాకు అనుమానమొచ్చి చూపిస్తే, మేడ్చల్ పోలీసులు ఆ నంబరు మన దేశానిది కాదన్నారు.

"నా కొడుకును నేనే పట్టిచ్చిన్నా బిడ్డా?" అంటూ బాపు అన్నం ముట్టడం లేదు.

నిన్న మళ్లీ ఫోన్ వస్తే నేనే ఎత్తాను. "మీ అన్న ఇప్పుడు ఆ దారిలో రావట్లేదేం?" అని అతను నెమ్మదిగా అడిగాడు.

అన్నా, ఎందుకు మానేశావో తెలియదు. మళ్లీ ఆ దారి పట్టకు.

నీ చెల్లె